పవిత్రమైన ముద్దు, కళ్ళకద్దుకున్న చేయి

బైబిలులో మొట్టమొదటి ముద్దు ఒక మోసం నడుమ పెట్టింది. ఆదికాండం 27వ అధ్యాయంలో ముసలివాడైన ఇస్సాకుకు చూపు ఆనదు. పెద్దకొడుకు ఏశావుకు దక్కవలసిన దీవెన కోసం చిన్నవాడు యాకోబు అన్న బట్టలు తొడుక్కుని, చేతులకూ మెడకూ మేకపిల్లల తోలు చుట్టుకుని తండ్రి ముందుకు వస్తాడు. గొంతు ఒకడిది, చేతులు మరొకడివి అనిపించి ముసలాయన తికమకపడతాడు. చివరికి దగ్గరికి వచ్చి ముద్దుపెట్టమంటాడు. కొడుకు వంగి ముద్దుపెడతాడు. ఆ దగ్గరితనంలో ఏశావు బట్టల్లోని పొలం వాసన తండ్రి ముక్కుకు తగులుతుంది. అనుమానం తీరిపోతుంది, దీవెన చిన్నవాడికి దక్కుతుంది.

ముద్దూ వాసనా ఇలా కలిసిరావడం భారతం చదివినవారికి కొత్త కాదు. పెద్దలు పిల్లల్ని చేరదీసి శిరస్సు మూర్కొనడం మన పురాణాల్లో అడుగడుగునా కనిపిస్తుంది. సంస్కృతంలో దాన్ని మూర్ధాఘ్రాణం అంటారు. దూరం నుంచి వచ్చిన కొడుకునో, దండం పెట్టిన మనవడినో పెద్దవాడు తనవాడిగా ఒప్పుకున్నాడనడానికి అది గుర్తు. ఇస్సాకు ముద్దులో ఉన్నదీ ఆ ఒప్పుకోలే. ఇద్దరు మనుషుల మధ్య ఉన్న వరస ఏమిటో, ఒకరికొకరు ఏమి బాకీపడి ఉన్నారో బయటపెట్టే చర్యగా బైబిలులో ముద్దు కనిపిస్తుంది. తల్లిదండ్రులు, తోబుట్టువులు, మామా అల్లుళ్ళు, అత్తా కోడళ్ళు, రాజూ ప్రవక్తా, గురువూ శిష్యుడూ ముద్దుపెట్టుకుంటారు. ప్రేయసీ ప్రియుల ముద్దులు ఆ గ్రంథంలో చాలా తక్కువ.

ఆదికాండంలోనే ఇలాంటివి వరసగా వస్తాయి. అన్న కోపానికి భయపడి పారిపోయిన యాకోబు మేనమామ ఊరి బావి దగ్గర రాహేలును చూస్తాడు. బావి మూతిమీది రాయి దొర్లించి ఆమె గొర్రెలకు నీళ్ళు పెట్టి, ఆమెను ముద్దుపెట్టుకుని, గట్టిగా ఏడుస్తాడు. తానెవరో ఆ తరువాత చెబుతాడు. ఆమె పరుగున వెళ్ళి తండ్రి లాబానుకు చెబితే అతనూ పరుగెత్తుకొచ్చి మేనల్లుణ్ణి కౌగిలించుకుని ముద్దుపెడతాడు. ఇక్కడ హెబ్రీ మూలంలో చిన్న తేడా ఉంది. రాహేలు విషయంలో వాడింది మామూలు క్రియారూపం. లాబాను విషయంలో వాడింది తీవ్రతనో పదేపదే చేయడాన్నో చూపే రూపం. లాబాను స్వభావం ఎరిగిన యూదు వ్యాఖ్యాతలు ఈ అతిని వదిలిపెట్టలేదు. అతను కౌగిలించుకున్నది అల్లుడి నడుముకు డబ్బు కట్టి ఉందేమోనని తడమడానికి, ముద్దుపెట్టింది నోట్లో ముత్యాలు దాచాడేమోనని చూడడానికి అని ప్రాచీన వ్యాఖ్యానం ఒకటి చెబుతుంది.

ఇరవై ఏళ్ళ తరువాత అన్నదమ్ములు మళ్ళీ కలుస్తారు. నాలుగు వందల మందితో ఎదురొస్తున్న ఏశావును చూసి యాకోబు ఏడుసార్లు నేలకు వంగుతాడు. ఏశావు పరుగెత్తుకొచ్చి మెడమీద పడి ముద్దుపెడతాడు, ఇద్దరూ ఏడుస్తారు. యూదుల సమాజమందిరాల్లో చేతితో రాసే తోరా (బైబిలు మొదటి అయిదు గ్రంథాలు) చుట్టలు తెరిస్తే ఈ చోట ఒక వింత కనిపిస్తుంది. ‘అతణ్ణి ముద్దుపెట్టుకున్నాడు’ అనే అర్థమిచ్చే ఒక్క హెబ్రీ మాటలో ఆరు అక్షరాలు ఉంటాయి. ఆ ఆరింటి మీదా చుక్కలు ఉంటాయి. తోరా మొత్తంలో ఇలా చుక్కలు పెట్టిన చోట్లు పదే. ఎందుకు పెట్టారన్నది తరతరాల చర్చ. ఆ ముద్దు మనస్ఫూర్తిగా పెట్టింది కాదని కొందరు అన్నారు. హెబ్రీలో ముద్దుపెట్టడానికీ కరవడానికీ ఒక్క హల్లే తేడా కాబట్టి, ఏశావు కరవబోయాడనీ యాకోబు మెడ చలువరాయిలా మారిందనీ ఒక వ్యాఖ్య పుట్టింది. ద్వేషం నిజమే, కానీ ఆ ఒక్క ఘడియలో జాలి కదిలి నిండు మనసుతోనే ముద్దుపెట్టాడని రబ్బీ షిమోన్ బర్ యోహాయి అన్నాడు. కథను కథగా చదివితే ఈ చివరి మాటే నిలబడేలా ఉంది. పరుగెత్తుకొచ్చి అన్నవాడు ఏడ్చిన ఏడుపును నటన అనడం కష్టం.

యాకోబు కొడుకు యోసేపు కథలో ముద్దు చేసే పని ఇంకా సూక్ష్మం. చిన్ననాడు తండ్రి గారాబం చూసి ఓర్వలేక అన్నలు యోసేపుతో మంచి మాట ఒక్కటీ మాట్లాడలేకపోయారని కథ మొదట్లోనే ఉంటుంది. ఐగుప్తులో అధికారి అయ్యాక యోసేపు తానెవరో బయటపెట్టి, అన్నలందరినీ ముద్దుపెట్టుకుని ఏడుస్తాడు. ఆ తరువాతే వాళ్ళు అతనితో మాట్లాడారని గ్రంథకర్త ఒక చిన్న వాక్యం చేరుస్తాడు. ఎప్పుడో ఆగిపోయిన మాట ముద్దుతో తిరిగి వచ్చింది. ఆ తరువాత మంచాన పడ్డ యాకోబు మనవలు ఎఫ్రాయిమునూ మనష్షేనూ ముద్దుపెట్టుకుని దీవిస్తాడు. తండ్రి కన్నుమూసినప్పుడు యోసేపు ఆయన ముఖం మీద పడి ముద్దుపెడతాడు. తెలుగు క్రైస్తవ ఇళ్ళలో పెట్టె మూసేముందు అయినవాళ్ళు వంగి నొసట పెట్టే ముద్దుకు బైబిలులో ఉన్న పూర్వరూపం ఇదే.

హెబ్రీలో ముద్దుకు మూలధాతువు మూడు హల్లులు: న, ష, క. ‘నాషక్’ అంటే ముద్దుపెట్టాడు, ‘నెషీకా’ అంటే ముద్దు. ఇవే హల్లులతో ‘నెషెక్’ అనే మాట కూడా ఉంది, దాని అర్థం ఆయుధం. ఈ రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చాయా, వేర్వేరు ధాతువులు వినికిడిలో ఒకటిగా కలిసిపోయాయా అన్నదానిపై పండితులకు ఏకాభిప్రాయం లేదు. ఒకదానికొకటి ఆనుకోవడం అనే అర్థం కూడా ఈ ధాతువుకు ఉందనడానికి యెహెజ్కేలు గ్రంథం సాక్ష్యం. దర్శనంలో జీవుల రెక్కలు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడును చెప్పడానికి ఆ ప్రవక్త ఈ ధాతువునే వాడాడు. హెబ్రీకి సోదరభాష, బాబిలోను అష్షూరు ప్రాంతాల్లో మాట్లాడిన అక్కాదు భాషలోనూ ‘నషాకు’ అంటే ముద్దుపెట్టడమే. ఇన్ని వేల ఏళ్ళ తరువాత నేటి ఇజ్రాయెల్‌లోనూ పిల్లవాడి బుగ్గమీద పెట్టేది నెషీకాయే, సైనికుడి భుజాన వేలాడేది నెషెక్కే.

ముద్దుల్ని జాతులుగా విడదీసే ప్రయత్నం యూదు గురువులే చేశారు. క్రీస్తు శకం 5వ శతాబ్దం ప్రాంతంలో గలిలయలో కూర్చిన ఆదికాండ వ్యాఖ్యానం మూడు ముద్దుల్ని తప్ప మిగిలినవన్నీ తేలికపాటివని చెబుతుంది. మొదటిది పదవి ముద్దు. సమూయేలు ప్రవక్త నూనెబుడ్డి సౌలు తలమీద ఒంపి, అతణ్ణి ముద్దుపెట్టుకుని, ఇశ్రాయేలుకు మొదటి రాజుగా నిలబెట్టాడు. రెండోది కలయిక ముద్దు. ఎడారిలో దేవుని కొండ దగ్గర అహరోను తమ్ముడు మోషేను కలిసి పెట్టినది. మూడోది వీడ్కోలు ముద్దు. మోయాబు నుంచి బేత్లెహేముకు తిరిగిపోతున్న నయోమిని కోడలు ఓర్పా ముద్దుపెట్టుకుని వెనక్కి మళ్ళింది. నాలుగోదిగా బంధుత్వపు ముద్దును చేర్చాలని రబ్బీ తన్హూమా వాదించాడు. యాకోబు రాహేలును ముద్దుపెట్టుకున్నది ఆ వరస వల్లనేనని ఆయన సమర్థన.

ఓర్పా ముద్దు దగ్గర కాసేపు ఆగాలి. రూతు గ్రంథం ఒకే వాక్యంలో ఇద్దరు కోడళ్ళనూ పక్కపక్కన నిలబెడుతుంది: ఓర్పా అత్తను ముద్దుపెట్టుకుంది, రూతు అత్తను హత్తుకుని ఉండిపోయింది. ఓర్పాకు ప్రేమ లేదని ఆ గ్రంథం ఎక్కడా అనదు. ఆమె ఏడ్చింది, మర్యాదగా సెలవు తీసుకుంది. ముద్దు ఒక బంధాన్ని గౌరవంగా ముగించగలదు, దాన్ని మోస్తూ వెంట నడవడానికి మరొక తెగింపు కావాలి. ఓర్పాను దోషిగా చూపే ప్రసంగాలు చాలానే ఉన్నాయి గానీ, మూలం ఆమె పట్ల దయగానే ఉంది.

పెద్దలపట్ల భక్తి చూపే ముద్దుకు మంచి ఉదాహరణ మోషేదే. ఐగుప్తు నుంచి జనాన్ని నడిపించి తెచ్చిన నాయకుడు, మామగారు యిత్రో వస్తున్నాడని తెలిసి ఎదురెళ్ళి, వంగి నమస్కరించి, ముద్దుపెట్టి, క్షేమసమాచారం అడిగి డేరాలోకి తీసుకెళతాడు. అల్లుడికే మర్యాదలన్నీ జరిగే తెలుగు ఇళ్ళలో ఈ దృశ్యం తలకిందులుగా తోస్తుంది.

అక్కడి నుంచి రాజభక్తికీ దైవభక్తికీ ఒక్క అడుగే. ప్రాచీన పశ్చిమాసియాలో ఓడిన రాజు గెలిచిన రాజు పాదాలు ముద్దుపెట్టుకోవడం విధేయతకు గుర్తు. అష్షూరు రాజు మూడో షల్మనేసెరు వేయించిన నల్లరాతి స్తంభం మీద ఇశ్రాయేలు రాజు యెహూ, లేదా అతని దూత, ఆ రాజు కాళ్ళముందు నేలకు ముఖం ఆనించి ఉన్న బొమ్మ చెక్కి ఉంది. 1846లో నిమ్రూదు దిబ్బల్లో బయటపడిన ఆ రాయి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. రెండో కీర్తన చివర రాజులందరికీ చేసే హెచ్చరికలో ముద్దు ప్రస్తావన రావడానికి నేపథ్యం ఇదే. ఆ చోట ‘బర్’ అనే మాట పండితులను నేటికీ వేధిస్తోంది. అరామిక్‌లో బర్ అంటే కుమారుడు. హెబ్రీలో అయితే శుద్ధమైనది అనే అర్థం వస్తుంది. తెలుగు బైబిలు కుమారుణ్ణి ముద్దుపెట్టుకోవాలనే అర్థాన్ని తీసుకుంది. క్రీస్తు పూర్వపు గ్రీకు అనువాదం ముద్దునే వదిలేసి ఉపదేశాన్ని పట్టుకోవాలని రాసింది. హెబ్రీ మూలం నుంచి లాటిన్‌లోకి తెచ్చిన జెరోము శుద్ధంగా ఆరాధించాలని రాశాడు. ముగ్గురి చూపూ వేరైనా, ఆ ముద్దు అంటే లోబడడమే అన్నదాంట్లో పెద్ద తేడా లేదు.

విగ్రహాలకు పెట్టే ముద్దు మీద ప్రవక్తల కోపం అందుకే అంత తీవ్రం. నిరాశతో కొండ గుహలో దాక్కున్న ఏలీయాతో దేవుడు ఇంకా ఏడు వేలమంది మిగిలి ఉన్నారంటాడు. వాళ్ళ గుర్తు ఏమిటంటే, బయలు అనే దేవతకు మోకాలు వంచలేదు, నోటితో ముద్దుపెట్టలేదు. దూడల బొమ్మల్ని ముద్దాడే జనాన్ని హోషేయ తిట్టిపోశాడు. యోబు తన నిర్దోషిత్వం మీద ఒట్టుపెట్టుకుంటూ, ప్రకాశించే సూర్యుణ్ణీ నడిచే చంద్రుణ్ణీ చూసి తన చేయి నోటికి తగిలించుకోలేదని అంటాడు. అందనంత దూరంలో ఉన్నదానికి పెట్టే ముద్దు అది. చేతిని నోటికి తాకించి పైకి పంపడం. తెలుగు ఇళ్ళలో పెద్దవాళ్ళు పసిపిల్ల గడ్డం పుణికి, ఆ వేళ్ళను తమ పెదవులకు చేర్చి ముద్దాడతారు. ముద్దు అవతలివారి ముఖానికి తగలదు గానీ, దాని ఉద్దేశం అందరికీ తెలుసు. యోబు చేయనన్న పని ఈ చేష్టకు దగ్గరి చుట్టం.

ముద్దుకు ఇంత విలువ ఉన్న చోటే అది మోసగాడికీ పనికొస్తుంది. అన్నను చంపించి పరారైన అబ్షాలోముకు మూడేళ్ళ ప్రవాసం, యెరూషలేముకు వచ్చాక మరో రెండేళ్ళు తండ్రి ముఖం చూడలేని శిక్ష పడ్డాయి. చివరికి దావీదు అతణ్ణి పిలిచి ముద్దుపెట్టుకున్నాడు. అది రాజు ఇచ్చిన క్షమాపణ. ఆ వెంటనే వచ్చే అధ్యాయంలో అదే కొడుకు నగరద్వారం దగ్గర నిలబడి, వ్యాజ్యాలతో వచ్చి వంగబోయిన ప్రతివాడినీ చేయిపట్టి లేపి ముద్దుపెట్టి, తండ్రి మీద తిరుగుబాటుకు బలగం కూడగడతాడు. తండ్రి ముద్దుకూ కొడుకు ముద్దుకూ మధ్య దూరాన్ని గ్రంథకర్త వ్యాఖ్య లేకుండా చూపించాడు, అది గొప్ప రచన. ఆ తిరుగుబాటు అణగిన తరువాత సేనాని యోవాబు తన పోటీదారు అమాశాను క్షేమమా అని పలకరిస్తూ, ముద్దుపెట్టుకోబోతున్నట్టు కుడిచేత్తో గడ్డం పట్టుకుని, రెండో చేతి కత్తితో పొడుస్తాడు. అమాశా కత్తిని గమనించుకోలేదని మూలం చెబుతుంది. ముద్దుకు వచ్చినవాడి చేతుల వంక ఎవరు చూస్తారు?

ప్రేయసీ ప్రియుల ముద్దుకు పరమగీతము ఒక్కటే నిండుగా చోటిచ్చింది. శీర్షిక తరువాత ఆ గ్రంథంలోని మొదటి కోరికే ముద్దు. కానీ చివరి అధ్యాయంలో ఆ పిల్ల కోరేది చూస్తే ఆనాటి సమాజం కళ్ళకు కడుతుంది. అతను తన తల్లి పాలు తాగిన అన్నయ్య అయితే బాగుండేదని, అప్పుడు వీధిలో కనిపించినా ముద్దుపెట్టవచ్చు, ఎవరూ చులకన చేయరు అని ఆమె బాధ. నలుగురిలో పెట్టే ముద్దు రక్తసంబంధీకులది. ప్రేమికులది చాటుది. సామెతల గ్రంథంలో వీధిలో కుర్రవాణ్ణి పట్టుకుని ముద్దుపెట్టే స్త్రీని సిగ్గువిడిచినదిగా చిత్రించింది అందుకే. అదే గ్రంథం మరోచోట సరైన జవాబును పెదవులమీది ముద్దుతో పోల్చింది. 85వ కీర్తనలో నీతీ సమాధానమూ ఒకదాన్నొకటి ముద్దాడతాయి.

అన్నిటికంటే ఎత్తైన ముద్దు మరణంలో ఉంది. ద్వితీయోపదేశకాండం చివర మోషే మోయాబు దేశంలో దేవుని మాట ప్రకారం చనిపోయాడని ఉంటుంది. హెబ్రీలో అక్కడ ఉన్నది అక్షరాలా ‘దేవుని నోటి మీద’ అని. దాన్ని యూదు గురువులు దేవుడే ముద్దుపెట్టి ప్రాణం తీసుకున్నాడని చదివారు. వాళ్ళ చర్చల సంకలనమైన తల్మూదు ప్రకారం అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు, మోషే, అహరోను, మిర్యాము ఆరుగురికీ ఇలాంటి మరణమే. లోకంలో 903 రకాల చావులున్నాయనీ, వాటిలో అన్నిటికంటే సులువైనది ముద్దుచావు, పాలలోంచి వెంట్రుక తీసినట్టుంటుందనీ తల్మూదు చెబుతుంది. 12వ శతాబ్దపు తత్త్వవేత్త మైమోనిడీసు దీన్ని మరోలా వివరించాడు. దేవుణ్ణి ఎరిగిన ఆనందం పరాకాష్ఠకు చేరినప్పుడు ఆత్మ దేహాన్ని వదలడమే ఆ ముద్దని ఆయన భావం.

కొత్త నిబంధన గ్రీకు భాషలో ఉన్నా అందులోని మర్యాదలు హెబ్రీవే. లూకా సువార్త 7వ అధ్యాయంలో పరిసయ్యుడైన సీమోను యేసును భోజనానికి పిలుస్తాడు. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళివ్వడు, ముద్దుపెట్టడు, తలకు నూనె రాయడు. గుమ్మంలోకి వచ్చినవారికి కాళ్ళకు నీళ్ళివ్వని ఇంటిని తెలుగు ఊళ్ళలో ఏమనుకుంటారో తెలిసినవారికి ఆ లోటు వివరించనక్కరలేదు. ఊళ్ళో చెడ్డపేరున్న ఒక స్త్రీ వచ్చి ఆ మూడు లోట్లనూ తీరుస్తుంది: కన్నీళ్ళతో పాదాలు తడిపి, తలవెంట్రుకలతో తుడిచి, ముద్దుపెట్టి, అత్తరు పూస్తుంది.

ఆమె ముద్దుకు గ్రీకులో వాడిన క్రియ మామూలుది కాదు, మనసారా మళ్ళీ మళ్ళీ ముద్దాడడాన్ని సూచించే ‘కతఫిలేయో’. తప్పిపోయిన కుమారుడి కథలో తండ్రి దూరం నుంచే చూసి పరుగెత్తి వెళ్ళి మెడమీద పడి పెట్టిన ముద్దుకూ అదే క్రియ. మిలేతు రేవులో ఇక తన ముఖం చూడరని అపొస్తలుడు పౌలు చెప్పినప్పుడు ఎఫెసు పెద్దలు ఏడుస్తూ పెట్టిన ముద్దులకూ అదే. గెత్సేమనే తోటలో యూదా ఇస్కరియోతు పెట్టినదానికీ అదే కావడం గుండెను కోస్తుంది. తాను ముద్దుపెట్టేవాడే ఆయన అని వెంట వచ్చిన గుంపుకు ముందుగా గుర్తు చెప్పినప్పుడు సువార్తకర్త మార్కు మామూలు క్రియ వాడాడు. తీరా పెట్టినప్పుడు బలమైన క్రియకు మారాడు. శిష్యుడు గురువుకు పెట్టే ముద్దు ఎవరి కంటికీ అనుమానం కలిగించదు, చీకట్లో మనిషిని పట్టివ్వడానికి అంతకంటే మంచి గుర్తు దొరకదు.

ఇంత జరిగాక కూడా తొలి క్రైస్తవులు ముద్దును వదిలేయలేదు. పవిత్రమైన ముద్దుతో ఒకరికొకరు వందనాలు చెప్పుకోవాలని పౌలు రోమా, కొరింథు, థెస్సలొనీక సంఘాలకు రాసిన నాలుగు పత్రికల్లో ఉంది. పేతురు మొదటి పత్రిక దాన్ని ప్రేమముద్దు అంటుంది. దాసుడూ యజమానీ, యూదుడూ గ్రీసు దేశస్థుడూ ఒకే ఇంట్లో కూడిన సంఘాలవి. ఇంట్లోవాళ్ళకే చెల్లే ముద్దు వాళ్ళ మధ్య చెల్లిందంటే వాళ్ళు ఒకే కుటుంబమని లోకానికి చెప్పినట్టే. ఆ మాటకు అప్పట్లో ఎంత ధైర్యం కావాలో ఊహించుకోవచ్చు. 2వ శతాబ్దం మధ్యలో రోములో ఉన్న క్రైస్తవ రచయిత జస్టిన్, ప్రార్థనలు ముగిశాక, రొట్టె ద్రాక్షారసం తెచ్చేముందు అందరూ ముద్దుపెట్టుకుంటారని రాశాడు. మరో తొలి క్రైస్తవ రచయిత టెర్టుల్లియన్ దాన్ని ప్రార్థనకు ముద్ర అన్నాడు. ముద్దుల చప్పుడుతో సంఘాన్ని హోరెత్తించేవాళ్ళను అలెగ్జాండ్రియా క్లెమెంట్ మందలించాడు. కట్టుబాట్లు త్వరలోనే వచ్చాయి: మగవారు మగవారికే, ఆడవారు ఆడవారికే, బాప్తిస్మం పొందనివారికి ఇంకా వీలులేదు. మధ్యయుగాల్లో పశ్చిమ ఐరోపాలో ఒక పలకను ముద్దుపెట్టి పక్కవారికి అందించే పద్ధతి వచ్చింది. కేరళలోని సిరియన్ సంఘాల్లో ఆ ముద్దు చేతి నుంచి చేతికి అందే శాంతిగా నిలిచింది.

యూదుల ఇళ్ళలో మాత్రం ముద్దు ఎక్కువగా లేఖనం మీదికి మళ్ళింది. గుమ్మానికి బిగించిన మెజూజాను, అంటే లేఖనభాగం ఉన్న చిన్న పెట్టెను, వేళ్ళతో తాకి ఆ వేళ్ళను ముద్దాడతారు. తోరా చుట్టను మోసుకొస్తుంటే శాలువా కొసను దానికి తగిలించి ఆ కొసను ముద్దుపెట్టుకుంటారు. ప్రార్థన పుస్తకం పొరపాటున కిందపడితే తీసి ముద్దాడతారు. పుస్తకానికి కాలు తగిలితే గబుక్కున కళ్ళకద్దుకునే తెలుగువారికి ఈ ఆఖరి అలవాటు ఇంటి సంగతే అనిపిస్తుంది. హెబ్రీ నేర్చుకుని యూదు ఆచారాలు పాటించే తెలుగువారు ఆంధ్రలోనే ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలోనూ, మచిలీపట్నంలోనూ ఉన్న బెనే ఎఫ్రాయిము సమాజం వారిది. మాదిగ క్రైస్తవ కుటుంబాల నుంచి వచ్చిన వీరు తాము ఎఫ్రాయిము గోత్రపు సంతతి అని నమ్ముతారు. 1990ల మొదట్లో శమూయేలు యాకోబి, సాదోకు యాకోబి సోదరుల చొరవతో కొత్తరెడ్డిపాలెంలో సమాజమందిరం వెలిసింది. ఈ సమాజం మీద యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ రాసిన పరిశోధన గ్రంథం 2013లో వచ్చింది. తాత యాకోబు మంచంమీద కూర్చుని ముద్దుపెట్టిన మనవడి పేరు ఈ విధంగా తెలుగునేలమీద వినబడుతోంది.

గోదావరి డెల్టాకు పవిత్రమైన ముద్దు మాట పుస్తకంలో వచ్చింది, చేష్టగా రాలేదు. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ నరసాపురం వైపు పని మొదలుపెట్టారు. 1841లో నోబుల్, ఫాక్స్ మచిలీపట్నంలో దిగారు, చర్చి మిషనరీ సొసైటీ అక్కడి నుంచి ఏలూరుకు విస్తరించింది. లూథరన్లు గుంటూరు నుంచి, రాజమండ్రి నుంచి వ్యాపించారు. చెప్పులు బయట విడిచి, మగవారొక పక్క ఆడవారొక పక్క చాపలమీద కూర్చునే సంఘాల్లో పౌలు చెప్పిన ముద్దుకు బదులు నిలిచింది చేతులు జోడించి చెప్పే ‘వందనాలు’. చింతలపూడి మెట్ట పల్లెల నుంచి కొల్లేరు లంకల దాకా సంఘస్థులు దారిలో ఎదురైనా ‘వందనాలండీ’ అనే అంటారు. పాస్టరు గారికి పెద్దాయనా అలాగే అంటారు, పెద్దాయనకు పాస్టరు గారూ అలాగే అంటారు. తొలి సంఘాల ముద్దులో ఉన్న సమానత్వం ఇందులో ఉంది.

ఆరాధన క్రమంలోకి ఆ చేష్టను తిరిగి తెచ్చింది దక్షిణ ఇండియా సంఘం. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన ఈ సంఘం 1950లో రూపొందించిన ప్రభుభోజన క్రమంలో శాంతిని చేతులతో అందించే పద్ధతి పెట్టారు. ఇచ్చేవారి కుడి అరచేయి పుచ్చుకునేవారి కుడి అరచేతికి తాకుతుంది. ఇద్దరి ఎడమచేతులు పైనుంచి మూసుకుంటాయి. ఆ శాంతి గురువు దగ్గర మొదలై వరస వెంట చివరిదాకా వెళుతుంది. కేరళ సిరియన్ల నుంచి తెచ్చుకున్న ఈ పద్ధతిని చూసి ఇతర దేశాల సంఘాలు కూడా తమ ఆరాధనల్లో శాంతికి మళ్ళీ చోటిచ్చాయి.

కతోలికుల దగ్గర ముద్దు మొదటినుంచీ ఎక్కువ. దివ్యబలిపూజ మొదట గురువు పీఠాన్ని ముద్దుపెట్టుకుంటారు, సువిశేష పఠనం అయ్యాక గ్రంథాన్ని ముద్దుపెట్టుకుంటారు. రెండో వాటికన్ మహాసభ స్థానిక సంప్రదాయాలకు తలుపు తెరిచాక, భారత మేత్రాణుల సమాఖ్య పన్నెండు మార్పులు కోరింది. రోము వాటికి 1969 ఏప్రిల్ 25న ఆమోదం తెలిపింది. అందులో రెండు ముద్దుకు సంబంధించినవే. వస్తువుల్ని ముద్దుపెట్టుకునే చోట వాటిని వేళ్ళతోనో అరచేతితోనో తాకి ఆ చేతిని కళ్ళకో నొసటికో అద్దుకోవచ్చు. శాంతి ముద్దుకు బదులు చేతులు జోడించి అంజలి ఘటించవచ్చు, లేదా ఒకరి చేతుల్ని మరొకరి చేతుల మధ్య ఉంచవచ్చు. ఈ రెండు నిబంధనలు రాసినవారు ఈ దేశపు మనుషుల చేతుల్ని బాగా గమనించినవారు. పరీక్ష హాల్‌టికెట్టునూ, మొదటి జీతాన్నీ, నేలను తాకి మన్నునూ కళ్ళకద్దుకునే జనం యోబు చేతి ముద్దును, మెజూజా ముద్దును నేర్చుకోనక్కరలేదు, వాళ్ళ చేతికి అది ముందే తెలుసు.

1976లో విజయవాడ నుంచి విడివడి ఏర్పడిన ఏలూరు మేత్రాసనంలో చింతలపూడి ప్రాంతం కూడా ఉంది. శుభ శుక్రవారం ఎండలో సిలువమార్గం నడిచి, శ్రమల పఠనం విన్నాక, కతోలిక గుడుల్లో సిలువ ఆరాధన మొదలవుతుంది. జనం వరసగా వచ్చి సిలువమీది ప్రభువు పాదాలను ముద్దుపెట్టుకుంటారు. పీఠసేవ చేసే పిల్లవాడు పక్కన గుడ్డతో తుడుస్తూ ఉంటాడు. కొందరు ముద్దు పెట్టరు, పాదాలను తాకి కళ్ళకద్దుకుంటారు. చంకలో బిడ్డ ఉన్న తల్లి బిడ్డ చేతిని సిలువకు తాకించి ఆ చేతినే బిడ్డ కళ్ళకద్దుతుంది. కరోనా వచ్చిన 2020లో మార్చి 25న రోము జారీచేసిన ఆదేశం సిలువను ముద్దుపెట్టుకోవడాన్ని పూజ చేసే గురువుకే పరిమితం చేసింది. ఆ ఏడాది గుడులు మూతపడ్డాయి. తెరిచిన తరువాత తాకి కళ్ళకద్దుకోవడానికి 1969 నాటి అనుమతి చేతిలో ఉండనే ఉంది.

పెళ్ళి విషయంలో ఒక అపోహ మాత్రం సినిమాల వల్ల స్థిరపడింది. క్రైస్తవ పెళ్ళంటే చివర వధూవరులు ముద్దుపెట్టుకోవడమని చాలామంది అనుకుంటారు. తెలుగు క్రైస్తవ సంఘాల వివాహ క్రమంలో ప్రమాణాలు ఉంటాయి, సిలువ గుర్తున్న మంగళసూత్రం ఉంటుంది, దండలు, ఉంగరాలు ఉంటాయి. ముద్దు ఉండదు. బైబిలులోనూ ఇస్సాకు రిబ్కాను డేరాలోకి తెచ్చుకున్నప్పుడు గానీ, లాబాను ఏడు రోజుల విందు చేసినప్పుడు గానీ, కానా ఊరి పెళ్ళిలో గానీ వధూవరుల ముద్దు ప్రస్తావన లేదు.